‘ఆమె అడిగింది’, ‘నేను అడిగాను’: ఒక కౌన్సెలింగ్ కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆ దంపతులిద్దరూ అనుమతి ఇచ్చారు. రాసింది చదివి రెండు చోట్ల మార్పులు చెప్పారు. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. గేమ్ పేరు రాయకపోవడానికి కారణం కూడా అదే. వారు అన్న మాటలను మాత్రం మార్చలేదు. ఎందుకంటే ఈ కేసంతా మాటల మీదే నడిచింది, ఇంకా దగ్గరగా చూస్తే క్రియాపదాల చివరి అక్షరాల మీద నడిచింది.

మొదట ఫోను చేసింది భార్య. “మా వారు నాలుగేళ్లుగా కంప్యూటర్‌లో ఆడమనిషిగా తిరుగుతున్నారు మేడమ్. నాకు మొన్ననే తెలిసింది” అన్నారు. కాసేపు మౌనంగా ఉండి, “ఆయనకు జబ్బేమైనా ఉందా, లేక నాకే అర్థం కావడం లేదా, అది తెలియాలి” అని మళ్లీ అన్నారు. ఆ రెండో ప్రశ్న కూడా వేసుకున్నందుకు ఆవిడ మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

వచ్చిన రోజు అతని పరిస్థితి ఇది. వయసు 36. భవన నిర్మాణంలో సైట్ ఇంజనీరు, చేతి కింద నలభై మంది పనిచేస్తారు. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదు. తిండి తగ్గింది. మాట్లాడితే విసుగు. పనిలో ఎప్పుడూ చేయని పొరపాట్లు రెండు చేశాడు. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 14 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడిగాను. “చావాలని లేదు. ఎవరికీ కనిపించకుండా పోతే బాగుండనిపిస్తుంది” అన్నాడు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. భార్యకు తెలిసేలా ఒక భద్రతా ప్రణాళిక రాసుకున్నాం, ప్రతివారం అదే ప్రశ్న మళ్లీ అడిగాను, సైకియాట్రిస్టుకు కూడా చూపించాం. మందులు వెంటనే అవసరం లేదని, నాలుగు వారాలు చూద్దామని ఆయన చెప్పారు.

సమస్య మొదలైన రోజు అతనికి బాగా గుర్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో ఇరవై మంది ఉన్న ఒక తెలుగు గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే బృందంలో, అతను హీలర్, అంటే పోరాటంలో గాయపడినవాళ్లను బతికించే పాత్ర. పాత్ర ఆడమనిషిది. నాలుగేళ్లుగా టైపు చేసి మాట్లాడడమే తప్ప అతని గొంతు ఎవరూ వినలేదు. కొత్త రెయిడ్ (అందరూ కలిసి చేసే పెద్ద పోరాటం) కష్టంగా ఉంది కాబట్టి ఇకపై అందరూ మైకు ఆన్ చేయాల్సిందేనని గిల్డ్ నిర్ణయించింది. మైకు పాడైందని మూడు వారాలు నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత లాగిన్ అవడమే మానేశాడు. గిల్డ్‌లో అతనికి బాగా దగ్గరైన ఒక అమ్మాయి “అక్కా, ఏమైంది? బాగున్నావా అక్కా?” అని వరసగా సందేశాలు పంపింది. అర్ధరాత్రి ఫోను తెర మీద ఆ సందేశాలను భార్య చూశారు.

నేను తప్పుదారిలో గడిపిన మూడు సెషన్లు

నా పొరపాటుతోనే మొదలుపెట్టాలి. మొదటి మూడు సెషన్లలో నేను వెతికింది ఒక్కటే: ఇతను తనను తాను స్త్రీగా భావిస్తున్నాడా? చిన్నప్పటి సంగతులు, శరీరం పట్ల భావం, దుస్తులు, కోరికలు అన్నీ అడిగాను. ఇవి అడగవలసిన ప్రశ్నలే. ‘అవును’ అని ఉంటే మా దారి వేరుగా ఉండేది, గౌరవంలో మాత్రం తేడా ఉండేది కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్‌ను (పుట్టినప్పుడు రాసిన లింగానికీ తాను భావించే లింగానికీ పొంతన లేకపోవడాన్ని) మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టింది. కానీ ఒకసారి అడిగి జవాబు విన్నాక ఆగాలి. నేను అదే ప్రశ్నను రకరకాలుగా మార్చి మూడు వారాలు అడిగాను.

మూడో సెషన్ చివర అతను ఓపిగ్గా అన్నాడు: “మేడమ్, మా ఆవిడ అడిగిందే మీరూ అడుగుతున్నారు. నేను ఆడదాన్ని కావాలనుకోవడం లేదు. అక్కడ ఉన్నంతసేపు నాకు ఊపిరి ఆడుతుంది, అంతే.”

గేమింగ్ వ్యసనం సంగతి కూడా చూశాను. ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ అనాలంటే ఆట మీద అదుపు తప్పాలి, మిగతా జీవితమంతా ఆట వెనక్కి పోవాలి, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండాలి, సాధారణంగా ఇది ఏడాదిపాటు సాగాలి. ఇతను వారానికి పది గంటలు ఆడేవాడు, తానే మానేశాడు. ఆట మానేశాకే జబ్బు పడ్డాడు. ఆ సంగతిని నేను మొదటిరోజే పట్టుకోవలసింది.

నోట్స్‌లో కనిపించినది

క్లయింట్లు అన్న మాటలను అన్నట్టే రాసుకునే అలవాటు నాకుంది. నాలుగో సెషన్‌కు ముందు రాత్రి పాత నోట్స్ తిరగేస్తుంటే ఒకటి కంటపడింది. ఆట గురించి చెప్పేటప్పుడు అతను రెండు రకాలుగా మాట్లాడుతున్నాడు. “ఆ రాక్షసుడి ముందు అందరూ పడిపోతే నేనొక్కణ్ణే నిలబెట్టాను.” “నేను ముందే చెప్పాను, అలాగే జరిగింది.” ఇవి ఒక రకం. “దారి తెలియక ఆమె అడిగింది.” “ఆ రోజు అలసిపోయానని ఆమె అందరికీ చెప్పింది.” “ఎవరో కసురుకుంటే ఆమె చాలా బాధపడింది.” ఇవి ఇంకో రకం. పాత్ర ఒకటే, కొన్నిసార్లు సాయంత్రం కూడా ఒకటే. గెలిచినప్పుడు ‘నేను’, సాయం అవసరమైనప్పుడు ‘ఆమె’.

ఆ వాక్యాలను ఒక కాగితం మీద రెండు వరసల్లో రాసి మర్నాడు అతని ముందు పెట్టాను. చదివాడు, వేలు పెట్టి మళ్లీ చదివాడు. “ఇలా మాట్లాడుతున్నానని నాకు తెలియదు” అన్నాడు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. తెలుగులో ‘వచ్చాడు, వచ్చింది’ అంటే మనిషి ఆడో మగో తెలుస్తుంది. ‘వచ్చాను’ అంటే తెలియదు. ఉత్తమ పురుషలో క్రియకు లింగం లేదు. ‘మీరు వచ్చారు’ అన్నా తెలియదు, గౌరవం దాన్ని కప్పేస్తుంది. అందుకే అతను నాలుగేళ్లు తెలుగులో టైపు చేసి కూడా, వ్యాకరణం ప్రకారం ఒక్క అబద్ధం ఆడలేదు. “నేను ఆడదాన్నని ఎక్కడా రాయలేదు మేడమ్” అని నాతో గట్టిగానే వాదించాడు. నిజమే. మన భాష అంత చోటు ఇస్తుంది. కానీ వరసలు అంత చోటు ఇవ్వవు. ఆ అమ్మాయి మొదటిసారి “అక్కా” అని పిలిచినప్పుడు అతను ఏమని జవాబిచ్చాడో చాట్‌లో వెతికించాను. “చెప్పు” అని ఉంది. ఆ ఒక్క ‘చెప్పు’తో అతను అక్క అయిపోయాడు.

తెర మీది బొమ్మను అవతార్ అనడం 1986 నాటి హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకంలో కనిపిస్తుంది. మన మాటే అటు వెళ్లి తిరిగి వచ్చింది. మనం మాత్రం ‘ఏమిటా అవతారం?’ అన్నామంటే ఎదుటివారి వేషం చూసి కోప్పడుతున్నామని అర్థం. భార్య మొదటి ఫోనులో ఆ స్వరమే ఉంది, నా మొదటి మూడు సెషన్లలోనూ కొంత ఉంది.

నిజానికి ఈ వేషం మార్పు ఆన్‌లైన్ లోకాలంత పాతది. మొదటి మడ్‌ను, అంటే చాలామంది కలిసి అక్షరాలతోనే ఆడే కంప్యూటర్ లోకాన్ని, రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. 1990లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన లాంబ్డామూ అనే అలాంటి లోకంలోనూ బొమ్మలు ఉండేవి కావు, అంతా అక్షరాలే. అయినా అక్కడ చేరేవారికి స్త్రీ, పురుషుడు అన్న రెండే కాక ఇంకా అనేక లింగాలు ఎంచుకునే వీలు ఉండేది. ఎంచుకున్న దాన్ని బట్టి సర్వనామాలు మారేవి. ఏమీ ఎంచుకోనివారిని ‘ఇంతకీ నువ్వు ఆడా మగా?’ అని మిగతావాళ్లు వదలకుండా అడిగేవారు. పరిశోధకురాలు ఎమీ బ్రక్‌మన్ 1993లోనే ఈ విషయం మీద రాశారు. స్త్రీ పాత్రకు అడగకుండానే సాయం అందడం, ఆ సాయం వెనక కొన్నిసార్లు ఆశ ఉండడం అప్పటికే అందరూ చూసినవే.

‘నువ్వు ఏడిస్తే అమ్మను ఎవరు చూస్తారు?’

అతనికి 19 ఏళ్లప్పుడు తండ్రి హఠాత్తుగా పోయారు. పెద్ద కొడుకు. ఆ రాత్రి బంధువుల్లో ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి అన్న మాట ఇది. దయతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆ రోజు నుంచి అతను ఎవరినీ ఏదీ అడగలేదు. చెల్లెలి చదువు, పెళ్లి, ఇంటి అప్పు అన్నీ మోశాడు. సైటులో డ్రాయింగ్ అర్థం కాకపోతే తెల్లవార్లూ కూర్చునేవాడు తప్ప ఎవరికీ ఫోను చేసేవాడు కాదు. రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఇంట్లో చెప్పలేదు.

ఆడపాత్రను ఎంచుకోవడానికి మొదట పెద్ద కారణమేమీ లేదు. గంటలకొద్దీ పాత్ర వీపు చూస్తూ ఆడాలి కాబట్టి చూడడానికి బాగుంటుందని తీసుకున్నాడు. చాలామంది మగ ఆటగాళ్లు ఇదే జవాబు చెబుతారు. మొదటి వారంలోనే ఒక గుహలో దారి తప్పాడు. ఎవరో అటుగా వెళ్తూ “సాయం కావాలా?” అని అడిగారు. “అవును” అని టైపు చేశాడు. పదమూడేళ్లలో ఎవరైనా అడిగితే అవునన్నది అదే మొదటిసారి. అది చెబుతూ అతను కిటికీ వైపు తిరిగాడు.

విలి లెహ్‌డొన్‌విర్తా, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన పరిశోధన నాకు గుర్తొచ్చింది. జపాన్‌లోని ఒక ఆన్‌లైన్ గేమ్‌లో సాయం అడగడాన్ని వారు పరిశీలించారు. ఆడేది ఎవరైనా సరే, మగ అవతారానికి అడిగిన సాయం దొరికే అవకాశం తక్కువ. సాయం అడగడానికి వెనకాడే మగవాళ్లు ఆడ అవతారంలో ఉన్నప్పుడు ఆ వెనకాడడాన్ని దాటగలుగుతున్నారు. అతనికి ఈ సంగతి చెప్పినప్పుడు, “అంటే నేనొక్కణ్ణే కాదా?” అన్నాడు. ఆ రోజు ఎన్నో వారాల తర్వాత నిద్రపోయానని తర్వాత చెప్పాడు.

ఇక్కడితో ఆగి ఉంటే కేసు హాయిగా ఉండేది: పాపం, బయట అడగలేని మనిషి లోపల అడిగాడు. కానీ అతని చాట్ చదివాక నాకు అలా ఆగబుద్ధి కాలేదు.

పద్నాలుగు క్షమాపణలు

అతనికి పాత మగపాత్ర కూడా ఒకటి ఉంది, ఒక యోధుడు. ఒక్కో పాత్రతో ఒక్కో సాయంత్రం మాట్లాడినవన్నీ తెమ్మన్నాను. యోధుడి మాటలు: “సరే.” “పదండి.” “పడ్డాడు.” “తర్వాత?” హీలర్ మాటలు: “అయ్యో, నా తప్పే, క్షమించండి!” “మీరు చాలా బాగా ఆడారు!” “నేను ఆలస్యం చేశానేమో, ఏమీ అనుకోకండి.” ప్రతి వాక్యం వెనక ఒక నవ్వు బొమ్మ. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఒక్క సాయంత్రంలో హీలర్ పద్నాలుగుసార్లు క్షమాపణ చెప్పింది. అందులో తప్పు నిజంగా తనదైనవి మూడు.

“మీ ఆఫీసులో ఆడవాళ్లు ఇలా మాట్లాడతారా?” అని అడిగాను.

“లేదు.”

“మీ ఆవిడ?”

నవ్వాడు. “ఆవిడ నాకంటే సూటిగా మాట్లాడుతుంది.”

“మరి ఈమె ఎవరు?”

చాలాసేపు ఆలోచించాడు. “ఎవరికీ కోపం రాని మనిషి” అన్నాడు.

2014లో రోసా మికీల్ మార్టీ బృందం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో 375 మంది ఆటగాళ్లను గమనించి రాసిన వ్యాసంలో ఇలాంటిదే ఉంది. ఆడ అవతారంలో ఉన్న మగవాళ్లు భావోద్వేగపు మాటలు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువగా వాడారు. నడకలో, గెంతడంలో, గుంపుకు ఎంత దూరంగా నిలబడ్డారన్న దాంట్లో మాత్రం ఆడవాళ్లలా ప్రవర్తించలేదు. అంటే మాట మారింది, కాళ్లు మారలేదు. ఆడవాళ్లు ఇలా మాట్లాడతారని వారు అనుకున్నట్టు మాట్లాడారు.

నా క్లయింటు కట్టుకున్న స్త్రీ కూడా అలాంటిదే. మెత్తగా ఉండడానికి, అడగడానికి, అలసిపోవడానికి ఆడవేషం వేయక తప్పదన్నది అతని నమ్మకం. ఆ నమ్మకం మగవాణ్ణి ఎంత బిగిస్తుందో ఆడవాళ్లనూ అంతే బిగిస్తుంది. ఎందుకంటే ఆ వేషంలో కోపానికి, తెలివికి, ‘నువ్వు చెప్పింది తప్పు’ అనడానికి చోటు లేదు. హీలర్‌గా అతను నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడు. అయినా నెల క్రితం చేరిన కుర్రవాడు అతనికి వైద్యం ఎలా చేయాలో నేర్పుతుంటే “థాంక్యూ” అని నవ్వు బొమ్మ పెట్టాడు. అడగని కానుకలు తీసుకున్నాడు. కానుకలు ఇచ్చినవారిలో ఒకరు తర్వాత జవాబు ఎందుకివ్వవని కోప్పడ్డారు.

ఈ భాగం మాట్లాడుకున్న రోజు అతను తనంతట తానే ఒక మాట అన్నాడు. సైటులో కొత్తగా చేరిన అమ్మాయి ఇంజనీరుకు కాంక్రీటు క్యూరింగ్ (నీళ్లతో తడిగా ఉంచడం) ఎన్నాళ్లు చేయాలో తాను వారం క్రితం వివరించాడు. ఆమెకు అది తెలుసు. ఆమె కూడా “థాంక్యూ సార్” అని నవ్వింది. “ఆ నవ్వు నాకు తెలుసు మేడమ్. నాలుగేళ్లు నేనూ అదే పెట్టాను.” నేను ఎన్ని పాఠాలు చెప్పినా రాని ఎరుక అది. వేషం అతనికి ఇచ్చిన వాటిలో దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పదకొండు నిమిషాలు

ఏడో సెషన్‌కు లాప్‌టాప్ తెచ్చాడు. ముందుగా అనుకున్న ప్రకారం యోధుడిగా లాగిన్ అయ్యి, అదే గుహలోకి వెళ్లి, అందరూ చూసే చాట్‌లో సాయం అడగాలి. అంతే పని. చిన్నదే అనుకున్నాను.

“ఈ గుహకు వేరే దారి ఉందా?” అని టైపు చేశాడు. ఇది సాయం అడగడమా, సమాచారం అడగడమా అన్నాను. చెరిపేశాడు. “ఎవరైనా ఇక్కడ ఖాళీగా ఉన్నారా?” చెరిపేశాడు. “నాకు దారి తెలుసు, కానీ” దాకా వచ్చి ఆగాడు. నుదుటి మీద చెమట. వేళ్లు మీటల మీద ఉన్నాయి, కదలడం లేదు. బొమ్మలో ఒక నిలువెత్తు కవచధారి, కత్తి భుజానికి ఆనించి, గుహ మలుపులో నిలబడి ఉన్నాడు. చివరకు “దారి తప్పాను. ఎవరైనా వచ్చి చూపిస్తారా?” అని రాసి, కళ్లు మూసుకుని పంపాడు. మొదలుపెట్టి పదకొండు నిమిషాలైంది.

నాలుగు నిమిషాలు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకరు రాశారు: “వెతుక్కో.”

అతని ముఖం చూసి నేను తొందరపడ్డానేమోనని భయపడ్డాను. మగ అవతారానికి సాయం తక్కువగా దొరుకుతుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి కొంత నయమైంది. లేకపోతే అతనికి పాత పాఠమే మళ్లీ చెప్పినదాన్ని అయ్యేదాన్ని. ఇలాంటి అభ్యాసం చేయించే సహోద్యోగులకు ఇది గట్టిగా చెప్పాలనుంది: అడిగిన ప్రతిసారీ లోకం చెయ్యి అందిస్తుందని క్లయింటుకు మాట ఇవ్వకండి.

ఆ వారం ఇంట్లో ఐదుసార్లు అడిగాడు. రెండుసార్లు ఎవరో వచ్చారు. రెండు వారాల తర్వాత సైటులో బార్ బెండింగ్ షెడ్యూల్‌లో (ఇనుప కడ్డీల కొలతల పట్టికలో) ఒక కొలత అర్థం కాక డిజైన్ విభాగానికి ఫోను చేశాడు. అవతలి మనిషి మూడు నిమిషాల్లో చెప్పి పెట్టేశాడు. “అంతే మేడమ్. మూడు నిమిషాలు” అని రెండుసార్లు అన్నాడు. ఎన్ని రాత్రులు పోయాయో లెక్క వేసుకుంటున్నట్టుంది.

అక్కా అని పిలిచిన అమ్మాయి

ఈ కేసులో నా గదిలోకి ఎప్పుడూ రాని మనిషి ఒకరున్నారు. ఆమె విషయంలో నేను ఆలస్యం చేశాను. కౌన్సెలర్ ఎదుట కూర్చున్నవారి బాధే పెద్దగా కనిపిస్తుంది, కానీ తెర అవతల ఉన్నవారిదీ బాధే.

గిల్డ్‌లో ఒక మగ సభ్యుడు తనను సందేశాలతో వేధిస్తున్నాడని ఆ అమ్మాయి అక్కతో మాత్రమే చెప్పుకుంది. తన విడాకుల గురించి చెప్పుకుంది. అక్క కాబట్టి చెప్పింది. అన్న అయితే చెప్పేది కాదేమో. ఎవరితో ఏమి చెప్పుకోవాలో తేల్చుకునే హక్కు ఆమెది, ఆ హక్కు నాలుగేళ్లు ఆమెకు తెలియకుండానే ఆమె చేతిలో లేకుండా పోయింది. అతనికి దురుద్దేశం లేదని నేను నమ్ముతాను. దానివల్ల ఆమె నష్టం తగ్గదు.

నా వృత్తిలో ఉన్నవారికి ఈ చరిత్ర కొంచెం ఎక్కువగా గుచ్చుకోవాలి. 1980లలో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవలోని చాట్‌లో తాను ప్రమాదంలో వికలాంగురాలైన మహిళనని చెప్పుకుని, ఎందరో మహిళలతో ఆప్తంగా మెలిగిన వ్యక్తి నిజానికి ఒక మగ సైకియాట్రిస్టు. పాత్రికేయురాలు లిండ్సీ వాన్ గెల్డర్ 1985లో ఆ సంగతి రాసినప్పుడు, మోసపోయిన మహిళలు పోగొట్టుకున్నది ఒక స్నేహితురాలిని. అది ఆటే కదా, ఎవరు ఎవరైతే ఏమిటి అనేవారితో నేను ఏకీభవించలేను.

అలాగని అందరూ అసలు పేరుతో, అసలు గొంతుతోనే రావాలనడం కూడా సరికాదు. జెఫ్రీ కుజ్‌నెకాఫ్, లిండ్సీ రోజ్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో హేలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన ఒకే రకం మాటలను ఆడగొంతుతో, మగగొంతుతో వినిపించారు. ఆడగొంతుకు మూడు రెట్లు ఎక్కువగా వ్యతిరేక వ్యాఖ్యలు వచ్చాయి. మైకు ఆన్ చేయని ఆడవాళ్లు ఎందుకు చేయరో దీన్నిబట్టి తెలుస్తుంది. 2010 జులైలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారుచేసే బ్లిజర్డ్ కంపెనీ తన చర్చావేదికల్లో అసలు పేర్లు చూపిస్తామని ప్రకటించి, ఆటగాళ్ల నిరసనతో మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గింది. దాక్కోవడం చాలామందికి రక్షణ. దాక్కుని ఎదుటివారి ఆంతరంగిక విషయాలను అందుకోవడం వేరే సంగతి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ ఉందో క్లయింటుతో కలిసి వెతకాలి, మొదటి నెలలోనే వెతకాలి. నేను మూడో నెలలో మొదలుపెట్టాను.

ఆమెకు రాయడానికి అతను మొదట తెచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు. తండ్రి మరణం, గుహ, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. ఇది చదివితే ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది కదా అన్నాను. ఏడు వాక్యాలకు తగ్గించాం. నేను మగవాణ్ణి. నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. నువ్వు చెప్పినవి ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరున్నవన్నీ చెరిపేస్తున్నాను. వేధింపు గురించి గిల్డ్ నాయకుడికి చెప్పాలనుకుంటే సాక్ష్యం చెబుతాను, వద్దంటే మాట్లాడను. క్షమించమని అడగడం లేదు. జవాబు ఇవ్వాల్సిన అవసరం లేదు.

మర్నాడు ఒక్క వాక్యం వచ్చింది: “మిమ్మల్ని ఇప్పుడు ఏమని పిలవాలో తెలియడం లేదు.” తర్వాత ఆమె గిల్డ్ వదిలి వెళ్లిపోయింది. అతను ఆ వారం సెషన్ అంతా ఏడ్చాడు. ఆపమని నేను అనలేదు.

ఇంట్లో

భార్యతో కలిపి మూడు సెషన్లు జరిగాయి. ఒక సాయంత్రపు చాట్‌ను ఆవిడకు చదవడానికి ఇస్తానని అతనే అన్నాడు. ఆ స్నేహితురాలి మాటలు తీసేసి ఇచ్చాడు, అవి చూపించే హక్కు తనకు లేదని. ఆవిడ చదువుతూ ఒక చోట ఆగారు. “నడుము నొప్పిగా ఉంది, ఇవాళ తొందరగా వెళ్తాను” అన్న వాక్యం దగ్గర.

“ఇంత మెత్తగా మాట్లాడే మనిషి మా ఇంట్లో ఉన్నాడని నాకు తెలియదు మేడమ్” అన్నారు. “ముక్కూ ముఖం తెలియని ఇరవై మందికి ఈయన నడుము నొప్పి తెలుసు. నాకు తెలియదు.”

ఆవిడ మనసులో ఉన్నది అసూయ అని, అనుమానమని నేను మొదట్లో రాసుకున్నాను. ఆ రెండు మాటలూ కొట్టేశాను. ఆ తర్వాత మేము మాట్లాడుకున్నదంతా నడుము నొప్పి గురించే. ఎముకల డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లారు.

మొత్తం పదహారు సెషన్లు, ఐదు నెలలు. చివరి పీహెచ్‌క్యూ-9లో 5 వచ్చింది. మందులు వాడలేదు. కనిపించకుండా పోవాలన్న ఆలోచన పదో వారం నుంచి రాలేదు. గిల్డ్‌కు తిరిగి వెళ్లి మైకు ఆన్ చేశాడు. కొందరు నవ్వారు, ఇద్దరు ముభావంగా అయిపోయారు. నాయకుడు మాత్రం “ఇవాళ వైద్యం చేసేది మీరేనా, కాదా?” అని అడిగి రెయిడ్ మొదలుపెట్టాడు. పాత్రను మార్చుకోలేదు. అది తన ఇష్టమన్నాడు, మార్చమని నేనూ అనలేదు. సెషన్లలో మాత్రం ‘ఆమె అడిగింది’ అనడం పన్నెండో వారానికే పోయింది. ‘అడిగాను’ అంటున్నాడు.

ఆరు నెలల తర్వాత ఫాలో-అప్‌కు ఫోను చేశాను. నిద్ర బాగుంది. సైటులో ఆ అమ్మాయి ఇంజనీరును క్యూరింగ్ గురించి తానే ఒక సందేహం అడిగాడట. గిల్డ్ వదిలి వెళ్లిన స్నేహితురాలి నుంచి ఏ కబురూ లేదు, అతనూ మళ్లీ రాయలేదు. ఆట గురించి అడిగితే, క్రితం రాత్రి జరిగింది చెప్పాడు. కొత్తగా చేరిన ఒక పిల్ల అతని పాత్రను చూసి చాట్‌లో “అక్కా” అని పిలిచింది. అతను వెంటనే రాశాడట: “అక్కను కాదమ్మా, అన్నను. చెప్పు, ఏమి కావాలి?”